గృహప్రవేశానికి లైట్లు ఎంచుకోవడం ఎలా?

కొత్త ఫ్లాటుకు లైట్లు కొనేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. అందులో ఉండేది మీరే అయినా, లైట్లు చుట్టాల కోసం. వ్రతం అయ్యాక, విస్తళ్లు వేసేలోపు వాళ్లు ఒక్కసారి తలెత్తి పైకప్పు చూస్తారు. ఆ ఒక్క చూపుకు ఏం కనబడాలన్నదే ప్రశ్న. ఆ వెలుగులో ఏళ్ల తరబడి అన్నం తినాల్సినవాళ్లు ఎలాగో సర్దుకుంటారు.

ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ చదువుకుంటారు అని ముందే ఆలోచించి పాయింట్లు పెట్టించకండి. రెండో కోటు రంగు ఆరాక మొదలుపెట్టండి. గోడ చెక్కించే సరదా అప్పుడే. హైదరాబాదులో ఉంటే ట్రూప్ బజారుకు వెళ్లండి. వందల లైట్లు ఒకేసారి వెలుగుతున్న కొట్లో ఏ లైటైనా మహా బాగుంటుంది. “మా గదిలో ఇదొక్కటే కదా వెలిగేది, మిగతావి కాసేపు ఆర్పండి” అని అడిగి ఆ అందం చెడగొట్టకండి.

హాలుకు షాండ్లియర్ తప్పదు. చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో బెల్జియం క్రిస్టల్‌వి 19 వేలాడుతున్నాయి, మీకు ఒక్కటైనా ఉండొద్దా? అక్కడ కప్పు ఎత్తు నిజాములు చూసుకున్నారు, ఇక్కడ బిల్డరు చూసుకున్నాడు. పది అడుగుల్లో ఫాల్స్ సీలింగ్ అరడుగు మింగుతుంది, షాండ్లియర్‌కు మూడడుగులు. ఇంకా ఆరున్నర మిగిలింది, పొడుగాటి బావగారు సైతం చేతులు పైకెత్తనంతవరకు క్షేమమే. ఫ్యాను కూడా హాలు మధ్యలోనే కావాలంటుంది. దాన్ని ఓ మూలకు జరపండి, మే నెలలో చుట్టాలు తక్కువగా వస్తారు. లేదా ఫ్యాను రెక్కలకు సరిగ్గా పైన డౌన్‌లైట్లు బిగించండి. వెలుగును రెక్కలు ముక్కలు చేస్తుంటే గదంతా టూరింగ్ టాకీస్ తెరలా రెపరెపలాడుతుంది.

సీలింగ్ అంచుల్లో నీలం స్ట్రిప్ లైటు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు, దానివల్ల తక్కువ కరెంటుతో తెల్లని వెలుగు సాధ్యమైందని. మనం మాత్రం ఆ నీలాన్ని నీలంగానే ఇంటిచుట్టూ తిప్పుదాం. రంగులు మార్చే రకమైతే ఇంకా మంచిది. రిమోటు ఎలాగూ సోఫా కిందికి పోతుంది. పోయిన రోజు ఏ రంగు వెలుగుతోందో ఇక అదే మీ ఇంటి రంగు.

పెట్టె మీది అంకెలు చదవకండి. 3000 కెల్విన్ అంటే పసుపు ఛాయ, 6500 అంటే తెల్లటి తెలుపు. ఈ రెండూ తెలిస్తే చాలు, ఒకే గదిలో కలిపి పెట్టేయొచ్చు. వెలుగెంతో చెప్పేది ల్యూమెన్లు గానీ వాట్లు కావు. అయినా వాట్లే అడగండి, కొట్టువాడికి కూడా అదే అలవాటు.

వంటింట్లో కప్పు మధ్యలో ఒక్కటే లైటు. గట్టు దగ్గర నిలబడ్డ మనిషి వీపు మీద వెలుగు, కత్తిపీట మీద ఆమె నీడ. వంకాయలో పుచ్చు ఆ నీడలో హాయిగా తలదాచుకుని కూరలోకి చేరుతుంది. అల్మరాల కింద సన్నటి పట్టీ లైటు వేస్తే గట్టంతా కనబడుతుందని ఎలక్ట్రీషియన్ అంటాడు. అతని మాట వినకండి. చుట్టాలు వంటింట్లోకి రారు కదా! బియ్యంలో రాళ్లేరేది మీరు కాకపోతే ఈ మాట మరింత ధీమాగా అనొచ్చు.

పూజగదిలో దేవుడి పటం చుట్టూ తిరిగే సీరియల్ సెట్ పెట్టండి, దీపం వెలిగించారో లేదో ఎవరికీ తెలియదు.

పడగ్గదిలో 6500 కెల్విన్ ప్యానెల్ సరిగ్గా దిండు పైన. స్విచ్చి తలుపు దగ్గర. మంచం పక్కన టూ-వే స్విచ్చి పెట్టడం చిన్న పనే, పెట్టించకండి. దుప్పటి తీసి లేచి ఎవరు ఆర్పాలన్న చర్చ దాంపత్యానికి అవసరం. బీరువా దగ్గరికి రంగులు సరిగా చూపని చవక బల్బు వేస్తే, మెరూన్ చీర మీదికి బ్రౌన్ జాకెట్టు తొడుక్కున్నట్టు పెళ్లి మండపంలోనే తెలుస్తుంది.

అమ్మానాన్నల గదికి ఏం మిగిలితే అది. వయసు మీదపడ్డ కంటికి ఎక్కువ వెలుగు కావాలన్నది నిజమే, కానీ వాళ్లు అడగరు. “మాకెందుకురా, జీరో బల్బు చాలు” అంటారు. ఆ మాట పట్టుకోండి, ఇంతకంటే చవగ్గా ఏ గదీ తేలదు.

బాల్కనీలో మిలమిలలాడే పెద్ద లైటు వేసి తలుపు తీసి ఉంచండి. తొలకరి పడ్డ సాయంత్రం ఉసిళ్లన్నీ గృహప్రవేశానికి వస్తాయి, సాంబారులో రెక్కలు వదిలి వెళ్తాయి.

చివరగా, అదనంగా ఒక్క డౌన్‌లైటు కూడా కొని దాచకండి. హాల్లో ఒకటి పోయేసరికి ఆ మోడల్ రావడం ఆగిపోతుంది. కప్పులో కన్నం నాలుగంగుళాలు, కొత్త లైటు మూడున్నర. ఫాల్స్ సీలింగ్ అతనికి ఫోన్ చేయండి. అతను ఆ ఒక్క కన్నం కోసం రాడు, కొత్త డిజైన్ల పుస్తకం చంకన పెట్టుకుని వస్తాడు.