ఆఖరి మాట చెప్పు భయ్యా!

మా అంకాపూర్‌లో పిల్ల పెండ్లి కుదిరిందంటే ఇంటిల్లిపాదీ హైదరాబాద్ మీద పడాల్సిందే. ఆర్మూర్‌లో దుకాణాలు లేవా, నిజామాబాద్‌లో గాజులు దొరకవా అని అడిగిన మగవాడికి ఆ పూట అన్నం పెట్టేవాళ్లుండరు. గాజులంటే లాడ్ బజారే. చార్మినార్ పక్కన, అద్దాలూ రాళ్లూ పొదిగిన లక్క గాజుల వీధి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు కూడా రావడంతో మగవాళ్లు నోరు తెరిచే సందు కూడా మూసుకుపోయింది.

ఆర్మూర్‌లో బస్సెక్కితే జూబ్లీ బస్‌స్టేషన్, అక్కడ మెట్రో ఎక్కితే ఎంజీబీఎస్, ఆ తర్వాత ఆటో. ఆటో అతనితో మా వదినె ఆడిన బేరం వట్టి కసరత్తు. అసలు కుస్తీ లాడ్ బజార్‌లో.

దుకాణదారు గాజుల సెట్టు పరిచి "పదిహేను వందలమ్మా" అన్నాడు. వదినె ఉలకలేదు, పలకలేదు. ఒక గాజు తీసి లైటుకు ఎత్తిపట్టింది. గోరుతో రాయిని గీకింది. "ఇది ఇప్పుడే ఊడేటట్టుంది. నాలుగు వందలు." అతను గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ రేటుకిస్తే పిల్లల ఫీజులెట్ల కట్టాలన్నాడు. ఇంకెవరికీ చెప్పనంటే పన్నెండు వందలకు ఇస్తానన్నాడు. వదినె సంచి భుజానికి తగిలించుకుని గడప దిగింది. "ఆఖరి మాట చెప్పు భయ్యా" అని వెనక్కి తిరగకుండానే అంది. ఏడు వందలకు తెగింది. నేనే ముంచానని అతనికీ, నేనే ముంచానని వదినెకూ గట్టి నమ్మకం. ఇంతకన్నా న్యాయమైన వ్యాపారం ఈ దేశంలో ఇంకెక్కడా లేదు.

ఇదంతా సంచులు పట్టుకుని చూస్తున్నవాడు మా అన్న. పసుపు రైతు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తన సరుకుకు తాను రేటు చెప్పి ఎరుగడు.

తొలకరికి పసుపు పెడతాడు. తొమ్మిది నెలలు సాకుతాడు. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ మార్కెట్ యార్డులో రాశి పోస్తాడు. ఖరీదుదారు వస్తాడు. కొమ్మును పటుక్కున విరిచి లోపలి రంగు చూస్తాడు, ముక్క రాశి మీదికి విసిరేస్తాడు. తేమ ఉందంటాడు. వదినె గాజుల మీద వేసిన వేషాలన్నీ ఇక్కడ ఆయన వేస్తాడు. తేడా ఒక్కటే. గుండె మీద చెయ్యేసుకుని "పిల్లల ఫీజులెట్ల కట్టాలి" అనే వంతు మా అన్నకు రాదు. ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ పుణ్యమా అని రేటు కంప్యూటర్‌లో పడుతుంది. నచ్చకపోతే అమ్మనక్కర్లేదు, ఎత్తుకుపోవచ్చు. ట్రాక్టర్ కిరాయి, హమాలీ పైసలు మాత్రం ఎవరూ అడగకూడదు. మరీ కోపమొస్తే మహారాష్ట్రలో సాంగ్లీ పసుపు మార్కెట్ ఉంది. లారీ మాట్లాడుకోవాలంతే.

గాజుల తర్వాత మసాలాలకని బేగంబజార్ పోయాం. ఒక దుకాణం ముందు గోనెసంచిలో పసుపు కొమ్ములు. అన్న ఒకటి తీసి, అలవాటు చొప్పున విరిచి, ఎక్కడిదని అడిగాడు. "నిజామాబాద్ మాల్ సేఠ్, అసలు సరుకు." తగ్గిస్తావా అంటే దుకాణదారు తలైనా ఎత్తలేదు. తగ్గదట. తొమ్మిది నెలలు సాకినవాడి చేతిలో లేని మొండితనం సంచి విప్పినవాడి దగ్గర ఎంత ముద్దుగా ఉందో!

రైతు బేరమాడనే లేదంటే అబద్ధమవుతుంది. 2019 ఫిబ్రవరిలో క్వింటాలుకు 15,000 మద్దతు ధర కావాలని ఆర్మూర్ రోడ్డు మీద కూర్చున్నారు. ఎవరూ పిలవకపోయేసరికి నిజామాబాద్ లోక్‌సభకు నామినేషన్లు వేశారు. బరిలో 185 మంది, అందులో 178 మంది రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరుసగా పేర్చాల్సి వచ్చింది. లాడ్ బజార్ గడప దిగినట్టే దిగారు. వెనక నుంచి పిలుపొచ్చింది, ఒక అభ్యర్థి నుంచి బాండ్ పేపర్ మీద పసుపు బోర్డు హామీ వచ్చింది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. జూన్ 29న నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయం తెరిచారు. సంతోషం. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మాత్రం పసుపు లేదు. అడిగింది ధర, వచ్చింది ఆఫీసు. వదినె అయితే ఆ ఏడు వందలు వాపసు అడిగేది.

అంకాపూర్ వాళ్లకు రేటు చెప్పడం చేతకాదనుకునేరు. మా దేశీ కోడికూర కోసం హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వస్తారు. కిలో లెక్కన ముందే ఫోన్‌లో చెప్పాలి, చెప్పిన రేటు ఇవ్వాలి. బేరమాడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. వండి అమ్ముతున్నారు కాబట్టి కోడికి ఆ మర్యాద. ఉడకబెట్టి అమ్మినా పసుపుకు లేదు.

పసుపు బోర్డు పెద్దలకు ఒక్క మనవి. యార్డులో రాశి పోసిన రైతును ముందు తన ధర తాను చెప్పనివ్వండి, ఆ అంకె కంప్యూటర్‌లో మొదట ఎక్కించండి. ఖరీదుదారులను ఆ తర్వాత ఎంతైనా బేరమాడుకోనివ్వండి. కొత్త పసుపు జనవరిలోనే యార్డుకు వస్తుంది, అప్పటిలోపు చేయగలిగిన పనే ఇది.