నాలుగు మేకుల పెట్టె

ఈ పెట్టె తన కథ తానే చెప్పుకుంటోంది గానీ, ఎక్కడా ‘నేను’ అనదు. వినయం కాదు, వృత్తి ధర్మం. కొలిచే వస్తువు తన సంగతులు కూడా కొలతలో కలిపేస్తే ఆ అంకెకు విలువేముంది? దీన్ని రెసిస్టివిటీ మీటరు అనండి, ఊళ్ళోవాళ్ళలా ‘నీళ్ళ మిషను’ అనండి, పలుకుతుంది. రెండో పేరు మాత్రం ఒప్పుకోదు. నీళ్ళను అది ఎన్నడూ చూడలేదు.

అది చూసేదల్లా కరెంటు పడే అవస్థ. నేలలో వరసగా నాలుగు స్టీలు మేకులు దిగుతాయి. బయటి రెండింటి గుండా బ్యాటరీ కరెంటు భూమిలోకి పోతుంది. లోపలి రెండింటి మధ్య ఎన్ని మిల్లీవోల్టులు వచ్చాయో పెట్టె చదువుతుంది. వచ్చిన వోల్టేజీని పంపిన కరెంటుతో భాగించి, మేకుల దూరాలను బట్టి కట్టిన గుణకంతో హెచ్చిస్తే ఓమ్-మీటర్లలో విశిష్ట నిరోధం తేలుతుంది. రెండు మేకులు చాలవా అని అడిగేవాళ్ళుంటారు. చాలవు. ఎండిన మట్టికీ ఇనుముకీ మధ్య ఉండే అడ్డంకి ఒక్కోసారి కింది బండ అడ్డంకిని కూడా మింగేస్తుంది. కరెంటు పంపే జత వేరు, వోల్టేజీ చూసే జత వేరు అయితే మట్టికీ ఇనుముకీ మధ్య ఉన్న ఆ అడ్డంకి లెక్కలోకి రాదు. పెట్టె ‘నేను’ను పక్కన పెట్టడం నేర్చుకున్నది ఇక్కడే.

వంశం ఫ్రాన్సుది. కాన్రాడ్ ష్లంబర్జర్ అనే భౌతికశాస్త్రవేత్త 1912లో నార్మండీలోని తమ కుటుంబ ఎస్టేటు వాల్ రిషేలో నేలలోకి కరెంటు పంపి, ఒకే వోల్టేజీ ఉన్న చోట్లను కలుపుతూ పటం గీశాడు. ఆయన వెతుకులాట నీళ్ళ కోసం కాదు, ఖనిజాల కోసం. 1915లో అమెరికాలో ఫ్రాంక్ వెన్నర్ నాలుగు మేకులనూ సమాన దూరంలో పాతే పద్ధతి చెప్పాడు. 1927లో కాన్రాడ్ అల్లుడు ఆన్రీ డాల్ ఇదే కొలతను అల్సాస్‌లోని పెషెల్‌బ్రాన్‌లో ఒక చమురు బావిలోకి దించాడు. ఆ కుటుంబం పేరుతో నడిచిన కంపెనీ చమురు లోకంలో ఎంత ఎదిగిందో అందరికీ తెలుసు. పెట్టెకు ఎక్కువ ఇష్టమైన చుట్టం మాత్రం వేరే ఉంది. 1946లో రిచర్డ్ అట్కిన్సన్ ఇంగ్లండులోని డార్చెస్టర్-ఆన్-థేమ్స్ దగ్గర, విద్యుత్ ఎర్తింగు పరీక్షించే మామూలు మీటరు పట్టుకుని, పూడిపోయిన చరిత్రపూర్వ కాలపు కందకాల జాడ పట్టాడు. పూడిన మట్టిలో చెమ్మ ఎక్కువ, చుట్టూ ఉన్న కంకరలో తక్కువ. అంతే రహస్యం.

ఈ పెట్టె పుట్టింది మాత్రం హైదరాబాదులో. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో అక్కడ వెలిశాక, ఈ రకం పరికరాలకు ఆ ఊళ్ళో కొదవ లేదు.

పని మొదలయ్యేది నిండు వేసవిలో, బోర్లు ఎండినప్పుడు. జియాలజిస్టు బోరు పాయింటు మీద పెట్టెతో కూర్చుంటాడు. ఇద్దరు కూలీలు చెరో వైపు కేబుల్ చుట్ట పట్టుకుని, సుత్తితో మేకు దించుతూ, లాగుతూ, ఇంకా దూరం జరుగుతూ పోతారు. మేకుల ఎడం పెరిగేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది. నేల మరీ ఎండి ఉంటే మేకు చుట్టూ ఉప్పునీళ్ళు పోస్తారు. మట్టిలో సహజంగానే కొద్దిపాటి వోల్టేజీ ఉంటుంది కాబట్టి కరెంటును ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పి కొలిచి సగటు తీస్తారు. పైన హెచ్‌టీ లైను పోతున్నా, పక్కన ఇనుప కంచె ఉన్నా, కింద పైపు పాతి ఉన్నా పెట్టెకు ఆ రోజు ఒంట్లో బాగుండదు.

ఇన్ని చేసినా చేతికొచ్చే అంకె ఏ ఒక్క పొరదీ కాదు. పప్పూ కూరా చారూ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని దేనిలో ఉప్పెంతో చెప్పమన్నట్టు ఉంటుంది. ఎడం మార్చి మార్చి తీసిన అంకెలను లాగ్ కాగితం మీద గీతగా వేస్తేనే పొరలు విడివడతాయి. తెలంగాణ గ్రానైటు నేలల్లో గీత తరచుగా పైన మొదలై, మొరం దగ్గర కిందికి జారి, గట్టి బండ తగలగానే మళ్ళీ లేస్తుంది. బండ మరీ గట్టిదైతే ఆ లేవడం నలభై ఐదు డిగ్రీల వాలుకు చేరుతుంది. చెమ్మ పట్టిన మొరం కొన్ని పదుల ఓమ్-మీటర్లుంటే, పగుళ్ళు లేని గ్రానైటు వేలల్లో ఉంటుంది.

ఇక్కడే రైతుకూ పెట్టెకూ పేచీ. “సార్, ఎన్ని అంగుళాల నీళ్ళు పడతాయి?” అని అడుగుతాడాయన. గీతలో అంగుళాలుండవు. అరచేతిలో నిలబడే కొబ్బరికాయ, చేతిలో తిరిగే వేపపుల్ల అయితే అడుగులు కూడా చెబుతాయి. ధైర్యంగా చెప్పేవాడి మాటే జనం నమ్ముతారు. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం పరీవాహకంలో ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం ఏళ్ళ తరబడి చూసి చెప్పినదాంట్లో రైతుకు పనికొచ్చే ముక్క ఒకటుంది: మెత్తబడిన పొర కింద పగుళ్ళ పొర, ఇంకా దిగితే పగుళ్ళు తగ్గిపోయిన రాయి. మోటార్లు తోడి తోడి పైపొర ఎండిపోయాక, మిగిలిన నీరు చాలావరకు ఆ పగుళ్ళలోనే. వెయ్యి అడుగుల లోతున వేలంత పగులు ఉన్నా, దాన్ని పైనుంచి పట్టుకోవడం ఈ పెట్టె తరం కాదు. ఆ లోతుకు బోరు వేయించేవాళ్ళు రిగ్గులోంచి దుమ్ము లేచాక పెట్టెను తిడతారు.

కోస్తాలో గొడవ తిరగబడుతుంది. డెల్టా చివరి ఊళ్ళో ఒకసారి తెర మీద మూడు ఓమ్-మీటర్లు కనిపించింది. అంకె తగ్గితే నీళ్ళున్నట్టే అని ఎక్కడో విన్న ఆసామి ముఖం వెలిగిపోయింది. జియాలజిస్టు తల అడ్డంగా ఊపాడు. సముద్రపు నీటి విశిష్ట నిరోధం 0.2 ఓమ్-మీటర్ల దగ్గర ఉంటుంది. ఇసుకలో అది చేరితే అంకె ఇలాగే పడిపోతుంది. తడిసిన బంకమన్నూ దాదాపు ఇంతే చూపిస్తుంది. ఉప్పునీరో, బంకమన్నో చెప్పాలంటే పక్క బావి నీళ్ళు రుచి చూడాలి, పాత బోర్లలో తగిలిన మట్టి వివరాలు అడగాలి. గీత ఒక్కటే పట్టుకుని పాయింటు పెట్టేవాణ్ణి పెట్టె నమ్మదు.

ఇప్పుడు కొత్తవి వచ్చాయి. ఐదేసి మీటర్ల ఎడంలో 48 మేకులు ఒకేసారి పాతి, ఏ నాలుగింటిని వాడాలో తానే ఎంచుకుంటూ, 235 మీటర్ల గీత కింద నేలను కంప్యూటరు మీద రంగురంగుల కోతగా చూపించే యంత్రాలు. పటం అందంగా ఉంటుంది. నీలం రంగు కనిపిస్తే నీళ్ళనుకునే రైతులూ ఉన్నారు. ఆ నీలం కూడా తక్కువ నిరోధమే తప్ప నీరు కాదని చెప్పడానికి కొత్త యంత్రం కూడా జియాలజిస్టు మీదే ఆధారపడుతుంది.

పాత పెట్టెకు పని మాత్రం తప్పలేదు. సబ్‌స్టేషను కట్టేముందు ఎర్తింగు డిజైను కోసం నేల విశిష్ట నిరోధం కొలవాలి. వెన్నర్ చెప్పిన సమాన దూరాలే, అవే నాలుగు మేకులు. ఇంజినీర్లకు కావలసింది తక్కువ అంకె. ఎందుకు తక్కువో వాళ్ళు అడగరు. మొన్న మేకులు పీకుతుంటే పక్క చేను ఆయన గట్టు దాటి వచ్చాడు. “ఎట్లాగూ మిషను తెచ్చారు కదా సార్, మా చేన్లో కూడా ఒక పాయింటు చూసిపోండి” అన్నాడు. కూలీలు కేబుల్ చుట్టడం ఆపి, జియాలజిస్టు వైపు చూశారు.