కొత్తవాడ జంపఖానా

నేను పుట్టింది వరంగల్ కొత్తవాడలో, నేతగాళ్ల ఇంట. ముతక నూలు పడుగు, రంగు నూలు పేక, ఎరుపూ నీలం చారలు. నాకు పైవైపు, అడుగువైపు అన్న తేడా లేదు. ఎటు తిప్పి పరిచినా ఒకటే అందం. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేను అంతకు చాలాముందే మగ్గం దిగాను. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే నాన్నగారు నన్ను కొన్నారు. ఆయనకు నిడదవోలు బదిలీ అయితే పరుపుచుట్టలో కలిసి గోదావరి జిల్లాకు వచ్చాను.

ఇంట్లో పేరంటాలకు తప్ప నాకు పని ఉండేది కాదు. కార్తీకమాసం వచ్చాకే నాకు ఊపిరి. వీధివాళ్లంతా కలిసి తోటకు వనభోజనాలకు వెళ్తే ఉసిరిచెట్టు కింద పరుచుకునేదాన్ని. గాడిపొయ్యి మీద కందా బచ్చలి, గుమ్మడికాయ పులుసు, బూరెలు, అరిటాకుల్లో వడ్డన. పిల్లలు నా మీద దొర్లేవారు, మగవాళ్లు పేకముక్కలు పంచుకునేవారు. అమ్మ మాత్రం పొద్దుటినుంచీ పొగలోనే. అందరి విస్తళ్లూ లేచాక వచ్చి నా అంచున కూలబడేది. వనంలో భోజనమంటే వంటిల్లు చెట్టుకిందికి మారడమేనా అని నాకు బాధగా ఉండేది.

అమ్మకూ అలాగే అనిపించిందేమో. ఒక కార్తీక ఆదివారం ఇంటివాళ్లం మాత్రమే కాలువగట్టుకు వెళ్దామంది. తెల్లవారకుండానే పులిహోర కలిపింది, పెరుగన్నంలో తాలింపు వేసింది, ఊరమిరపకాయలు వేయించింది. ఆదివారం ఉసిరికాయ కూడదని మామ్మ పట్టుబట్టడంతో పచ్చడి జాడీ ఇంట్లోనే ఉండిపోయి మాగాయ వచ్చింది. అంతే వంట. గట్టున పొయ్యి లేదు, పొగ లేదు. అందరికంటే ముందు నా మీద కూర్చున్నది అమ్మే.

నాన్నగారి చేతిసంచిలో ‘బారిస్టర్ పార్వతీశం’ ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల. మొదటిభాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదువుకని సీమకు బయలుదేరే కథ. అంతకుముందు నాన్నగారు దాన్ని వసారాలో పైకి చదివితే అమ్మ వంటింట్లోంచి ముక్కలు ముక్కలుగా విన్నది. పోపు చిటపటల్లో ఒక మాట, కుక్కరు కూతలో ఒక మాట పోయేవి. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక గరిటెతో గుమ్మంలోకి వచ్చేది. ఈసారి ఒక్క మాట జారలేదు. పార్వతీశం మద్రాసులో కొన్న టోపీ ఆడవాళ్లదని తేలేచోట అమ్మ నవ్వు ఆపుకోలేక నా మీదకి ఒరిగిపోయింది. చేతిలో పులిహోర ముద్ద నా నీలం చారమీద పడింది. ఆ పసుపూ నూనే కలిసిన మరక ఎన్ని చాకిరేవులకూ పోలేదు. ఒంటిమీద నాకున్న నగ అదొక్కటే.

మామ్మకు చదువు రాదు. పుట్టిల్లు నరసాపురం దగ్గర. పార్వతీశం పడవలో నిడదవోలు చేరి రైలెక్కే ఘట్టం రాగానే, “ఆగరా అబ్బాయి, ఆ పడవ సంగతి నన్ను చెప్పనీ,” అంది. గాలి లేనప్పుడు గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవను లాగడం, లాకుల దగ్గర నీళ్లు సమానమయ్యేదాకా కాచుకోవడం, లాంతరు వెలుగులో చద్దిమూట విప్పుకోవడం. ఎదురుగా కాలువ పారుతూనే ఉంది. పిల్లలు పుస్తకం మరిచిపోయి నీళ్లకేసి చూశారు. నవలను అంత బాగా విప్పిచెప్పగల పండితుడు మరొకరు ఉంటారనుకోను.

పెద్ద విందుల్లో వంటకాలు లెక్కపెట్టుకుంటారు. నాకు ఆ పెరుగన్నమే గొప్ప. దాని పని తెల్లవారుజామునే అయిపోయింది, మిగిలిన పగలంతా అమ్మ చేతికొచ్చింది. తినేశాక నాన్నగారి కళ్లు మూతలు పడ్డాయి. అమ్మ చేయి తుడుచుకుని పుస్తకం అందుకుంది. మామ్మకు వినపడేలా, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చదివింది. అమ్మ చదవడం పిల్లలు మొదటిసారి విన్నది అప్పుడే.

తరవాతి ఆదివారం నన్ను చుట్టేటప్పుడు మామ్మే తొందరపెట్టింది.

“కోడలా, ఇవాళ పులిహోర కూడా వద్దు, పెరుగన్నం చాలు. వాడు ఓడెక్కాడో లేదో త్వరగా తేల్చు.”

“ఎక్కాడు అత్తయ్యగారూ, రాత్రే చదివేశాను. నడవండి, చెప్తాను,” అంది అమ్మ.