పక్కకి రా, మాట్లాడుకుందాం

తెలుగునాట అన్నిటికంటే చురుగ్గా పనిచేసే కోర్టుకు భవనం లేదు, బెంచీ లేదు, వేసవి సెలవులు అసలే లేవు. రోడ్డు దాటే మనిషిని బండి గుద్దిన రెండో నిమిషానికల్లా అది కొలువుదీరుతుంది. టీ గ్లాసు చేతిలో ఉన్నవారు, ఆటో స్టాండులో బేరం లేనివారు, ట్రాఫిక్ ఆగిందని విసుక్కుంటూ దిగినవారు అందరూ న్యాయమూర్తులే. పడ్డవాడు ఇంకా లేవనే లేదు, తొలి తీర్పు వచ్చేస్తుంది: "చూసుకుని దాటొద్దా?" గుద్దినవాణ్ణి ఆ ప్రశ్న అడిగే ఆచారం ఈ కోర్టులో లేదు. ఆ వెంటనే బండి తరఫు పెద్దమనిషి ఒకాయన పడ్డవాడి భుజం మీద చెయ్యేసి అసలు మంత్రం చదువుతాడు: "పక్కకి రా, మాట్లాడుకుందాం."

ఇక్కడ పరిహారం లెక్క చాలా సులువు. చర్మం లేస్తే దూదీ టించరు ఖర్చు, ఎముక విరిగితే ఎక్స్‌రే ఖర్చు, ఏడుపు గట్టిగా వినిపిస్తే పైన మరో ఐదు వందలు. సాక్ష్యం చెప్పమంటే ఒక్కరూ మిగలని చోట, తీర్పు చెప్పడానికి మాత్రం జనం తోసుకుంటూ వస్తారు. గాయపడినవాణ్ణి ఆస్పత్రికి చేర్చినవారి మీద కేసు ఉండదనీ, పేరు చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదనీ మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ఉంది. అయినా మనవాళ్ళకు భయం. ఎత్తి ఆటోలో పడుకోబెడితే పోలీసులతో చిక్కట, నిలబడి తీర్పు చెబితే పుణ్యమట.

పాదచారి మీద మోపే నేరం ఒక్కటే: అడ్డమొచ్చాడు. నిజమే, రాక ఏం చేస్తాడు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ మీద నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. మన ఊళ్ళలో ఆ జాగాలో ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, బట్టల కొట్టు మెట్లుంటాయి, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది, వరసగా నిలబెట్టిన బైకులుంటాయి. నడిచేవాడు ఒక్కడికే చోటుండదు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుల హక్కని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కు రాజ్యాంగంలో భద్రంగా ఉంది, ట్రాన్స్‌ఫార్మరు ఫుట్‌పాత్ మీద అంతకంటే భద్రంగా ఉంది. సిగ్నల్ లేని జీబ్రా గీతల దగ్గర బండి ఆపి నడిచేవాడికి దారివ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. మన డ్రైవర్లు ఆ తెల్లగీతల్ని సంక్రాంతి ముగ్గనుకున్నారు కాబోలు, తొక్కుకుంటూ పోతారు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. వారిలో నడిచి వెళ్తున్నవారు 32,825 మంది. అంటే రోజుకు దాదాపు 90 మంది. వీళ్ళంతా పనిగట్టుకుని అడ్డమొచ్చినవాళ్ళేనని రోడ్డు మీది న్యాయమూర్తుల ఏకగ్రీవ అభిప్రాయం. ఊరిని రెండుగా చీల్చుకుంటూ హైవే వేసి, ఇల్లు ఇటు, బడి అటు మిగిల్చిన వాళ్ళు మాత్రం ఎవరికీ అడ్డం రాలేదు.

ఇంతకీ ఈ బేరం ఎవరి డబ్బు మీద జరుగుతోంది? థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా బండి రోడ్డెక్కకూడదని చట్టం. ఆ ప్రీమియం బండి కొన్ననాడే కట్టించుకుంటారు. అది కట్టించేది సరిగ్గా ఇలాంటి రోజు కోసమే, ఇలా పడ్డవాడి కోసమే. కాబట్టి బండివాడు చెమటలు కక్కుతూ పదివేల నుంచి ఐదువేలకు దింపుతున్నది తన సొమ్ము కాదు, బీమా కంపెనీ కట్టాల్సిన సొమ్ము. ఆ పంచాయితీలో అందరూ గొంతు చించుకుంటారు. నోరు విప్పకుండా లాభపడేది మాత్రం అక్కడ లేని బీమా కంపెనీ. దానికి ఇంత సేవ చేస్తున్న పెద్దమనుషులకు ఏడాదికోసారి శాలువా అయినా కప్పకపోవడం అన్యాయం.

బండివాడు మరీ అంత అమాయకుడేం కాదు. కేసైతే బండి స్టేషన్లో పెట్టుకుంటారని, లైసెన్సు పోతుందని అతని భయం. కొన్ని చోట్ల ఆ భయం వెనక గుట్టు కూడా ఉంటుంది. ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయి ఉంటుంది, లేదా నడిపింది ఇంటర్ చదివే పుత్రరత్నమై ఉంటుంది. "పాపం, దయగలవాడు, ఆగాడు" అని మురిసిపోయే ముందు ఆ కాగితాలేవో ఒకసారి చూడటం మంచిది. గాయపడినవాణ్ణి వైద్యానికి చేర్చడం, 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యతని 134వ సెక్షన్ ఎప్పుడో రాసింది. బాధ్యతను దయగా అమ్ముకోవడం మన దగ్గరే చెల్లుతుంది.

బండి ఆపకుండా పారిపోయి, ఎవరిదో తేలకపోతే? కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షల రూపాయలు ఇస్తోంది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. అంటే ఆగి, భుజం మీద చెయ్యేసి, ఐదువేలు చేతిలో పెట్టిన పెద్దమనిషి కంటే పారిపోయినవాడే పదిరెట్లు నయం! బండి దొరికితే, తప్పెవరిదన్న చర్చే లేకుండా 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణానికి 5 లక్షలు. నిర్లక్ష్యం చూపించగలిగితే 166వ సెక్షన్ కింద అంతకంటే ఎక్కువ. నడిచేవాడి తప్పు కొంత ఉందని తేలినా ఆ మేరకు కోత పడుతుంది తప్ప కేసు కొట్టుకుపోదు.

"నువ్వు కూలోడివి, నీకు జీతం చీటీ ఉందా? కోర్టు నమ్ముతుందా?" అన్నది తర్వాతి బెదిరింపు. బెంగళూరు కూలీ ఒకరి కేసులో ఏ కాగితమూ లేకుండానే నెలకు 4,500 ఆదాయాన్ని సుప్రీంకోర్టు 2011లో ఒప్పుకుంది. చెయ్యి పోతే గుమాస్తాకు జరిగే నష్టం వేరు, వడ్రంగికి జరిగే నష్టం వేరని 2010లోనే చెప్పింది. ఇంటిపని చేసే ఇల్లాలి శ్రమకూ లెక్క కట్టాలని 2021లో మరోసారి తేల్చింది. లెక్క వేసి చూడండి. ముప్పైఎనిమిదేళ్ళ తాపీమేస్త్రి, నెలకు 12,000, పని చేసే శక్తిలో నూటికి 40 వంతులు పోయింది. ఏడాదికి 57,600 నష్టం, ఆ వయసుకు కోర్టులు వాడే గుణకం 15, మొత్తం 8,64,000. మందులు, ఆపరేషను, పడ్డ బాధ దీనికి అదనం. ఇదంతా పెద్దమనుషులు ఎక్స్‌రే ఖర్చుకు చెల్లు చేసేశారు.

బేరం కుదిరాక చివరి అంకం ఆస్పత్రిలో. "మెట్ల మీద జారిపడ్డాడని రాయించండి, లేకపోతే పోలీసు గొడవ." ఆ ఒక్క అబద్ధంతో దారి మూసుకుపోతుంది. నెలకు కాలు వాచి రెండో ఆపరేషను కావాలన్నప్పుడు బండివాడు ఫోను ఎత్తడు, ఆస్పత్రి కాగితం మెట్ల మీదే ప్రమాణం చేస్తుంది. ఆ దశలో వార్డు బయట ఇంకో రకం దయామయుడు తయారవుతాడు. "సగం నాది, మిగతాది నీకు, తెల్లకాగితం మీద సంతకం పెట్టు." అత్త సొమ్ము అల్లుడు దానం. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నిబంధనలే నిషేధించాయి. అసలు లాయరు ఫీజే లేకుండా సాయం చేయడానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో పని లేకుండా అక్కడికి వెళ్ళొచ్చు. ఫోను నంబరు 15100.

కేసులు ఏళ్ళు పడతాయన్నది అబద్ధం కాదు. అందుకే రాజీ వద్దని నేననను. కానీ లోక్ అదాలత్‌లో జడ్జి ముందు, కాగితాలు బల్ల మీద పెట్టి, గాయం మానాక చేసుకునేది రాజీ. రక్తం కారుతుండగా టీ కొట్టు పక్కన చేయించేది లొంగుబాటు.

కనుక, రేపు మీరు పడినా, మీ కళ్ళ ముందు ఎవరైనా పడినా, ముందు 108కి ఫోన్ చేయండి. బండి నంబరు ఫోటో తీయండి. ఆస్పత్రిలో జరిగింది జరిగినట్టే చెప్పండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, ప్రతి బిల్లు దాచండి. క్లెయిముకు చట్టంలో రాసిన గడువు ఆరు నెలలు, దాటనివ్వకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. ఇక ఎవరైనా భుజం మీద చెయ్యేసి "పక్కకి రా" అంటే వెళ్ళకండి. మీ హక్కును పక్కకు తప్పించడానికే ఆ పిలుపు.