అంజూర చీటీకి టీకా తాత్పర్యములు

అవతారిక

నర్సరీలో ప్రతి మొక్క మెడలోనూ ఒక చీటీ వేలాడుతుంది. మొక్క వడిలినా చీటీ నిగనిగలాడుతూనే ఉంటుంది. అంజూర మొక్కకు కట్టిన చీటీ ఈ వ్యాఖ్యకు మూలం. గ్రంథకర్త పేరు దానిపై లేదు. అయితే ఇదే మాటను మిద్దెతోటల ఉపన్యాసకులు కళ్లు అరమోడ్చి, గొంతు కాస్త జీర పోనిచ్చి పలుకుతుంటారు కనుక ఆర్షవాక్యంగానే స్వీకరించడమైనది.

మూలం

“అంజూరను మీ ఇంట నాటండి. ప్రేమతో నీరు పోయండి. ఆరు నెలల్లో విరగ కాస్తుంది. ఇంకేమీ అక్కర లేదు.”

టీక

“నాటండి”, “పోయండి”: స్పష్టము.

“మీ ఇంట”: ఈ పదానికి ఆకాంక్ష తీరలేదు. ఎటువంటి ఇంట? “రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా నేరుగా ఎండ తగిలే” అని అధ్యాహారం చేసుకోవలెను. కొందరు “వెలుతురు పడే” అని పూరింతురు. అది అసంగతము. వెలుతురు మనీప్లాంటుకు చాలును. అంజూర పుట్టిల్లు పశ్చిమాసియా. మన వైపు అది కుదురుకున్న పురందర్, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు కూడా వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్నవే. ఎదురుగా అయిదంతస్తుల గోడ ఉన్న ఉత్తరపు బాల్కనీలో పెడితే ఆకులు వెడల్పుగా వస్తాయి, కాయ రాదు. ఈ ఒక్క ముక్క ముందే చెబితే కొనడానికొచ్చినవాళ్లు చాలామంది వెనక్కి తిరుగుతారు. అందుకే చెప్పరు.

“ప్రేమతో”: తృతీయా విభక్తి. కరణార్థమా, సహార్థమా అని విచికిత్స. కరణార్థమైతే చెంబు స్థానంలో ప్రేమ ఉన్నదనుకోవాలి. సహార్థమైతే నీళ్లతోపాటు ప్రేమ కూడా కుండీలో పడుతున్నదనుకోవాలి. ఏ పక్షం తీసుకున్నా వేరు కుళ్లును. పైమట్టి అంగుళం లోతు ఆరేదాకా చెంబు ఎత్తకపోవడమే ఈ మొక్కపట్ల దయ. కుండీ అడుగున నీరు నిలిస్తే అంజూర ఎవరి ప్రేమనూ లెక్కచేయదు. “మజ్జిగతో”, “అరటి తొక్కల నీళ్లతో”, “ఇంగువతో”, “పాటలతో” అని పాఠాంతరములు వినబడుతున్నవి. వీటిలో మొదటి మూడూ వంటింటి నుంచి ప్రక్షిప్తములు. నాలుగోదానివల్ల మొక్కకు హాని లేదు.

“విరగ కాస్తుంది”: ఇక్కడ పూర్వపక్షము. ఈ చెట్టు పూయగా ఎవరూ చూడలేదు కదా, పూత లేనిదే కాపెట్లు? సమాధానము: పూలు లేకపోలేదు. మనం కాయ అనుకునేదాని లోపలి గోడలకు వందలకొద్దీ అంటుకుని ఉన్నాయి. మేడి, రావి, మర్రి, జువ్వి అన్నిటిదీ ఇదే వంశాచారం. కాయ కొసన చిన్న కన్ను ఉంటుంది. నువ్వుగింజంత కూడా లేని ఒక కందిరీగ జాతి ఆడపురుగు ఆ కన్నులోంచి లోపలికి దూరుతుంది. ఇరుకు దారిలో దాని రెక్కలు ఊడిపోతాయి. మళ్లీ బయటపడే యోగం దాని జాతకంలో లేదు.

మేడిలో అయితే ఆ పురుగు పూలకు పుప్పొడి అందించి, కొన్నిటిలో గుడ్లు పెట్టి, అక్కడే కన్నుమూస్తుంది. పిల్లలు లోపలే పెరుగుతాయి. మగవాటికి రెక్కలుండవు. అవి జతకట్టి, ఆడవాటికి బయటికి దారి తొలిచిపెట్టి పోతాయి. ఆడవి పుప్పొడి మోసుకుని మరో మేడిని వెతుక్కుంటాయి. అమరకోశం రాసిన అమరసింహుడు ఈ సంసారమంతా చూశాడో లేదో గాని, మేడికిచ్చిన పేర్లలో జంతుఫలము అని ఒకటి చేర్చాడు. మనవాళ్లు మాత్రం వేమనను సాక్షిగా పిలిచి తరతరాలుగా మేడిపండును బోనెక్కిస్తున్నారు. ఇది అన్యాయం. పొట్టలో పురుగులుండటం మేడి కపటం కాదు, దాని కాపురం. ఇల్లూ అన్నమూ పెట్టి, బదులుగా విత్తు పుచ్చుకుంటుంది. పురుగు రాని మేడికి వంశం లేదు.

కపటి ఎవరైనా ఉంటే అది అంజూర. అందులో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పురుగు గుడ్లు పెట్టగలిగేది మగచెట్టు కాయలోనే. పొరపాటున ఆడ అంజూరలోకి దూరిందా, అక్కడి పూల కీలాలు పొడుగు, గుడ్డు పెట్టడానికి అందదు. తెచ్చిన పుప్పొడి రాల్చి ఉత్తచేతులతో చస్తుంది. చెట్టుకు విత్తు, మనకు పండు, దానికి చావు. నీతిపద్యాలు మేడి మీద, డ్రైఫ్రూట్ గౌరవాలు అంజూరకు!

ఈ గుట్టు తెలియకనే 1880లలో కాలిఫోర్నియా రైతులు టర్కీ నుంచి స్మిర్నా అంజూర కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు ఎదిగాయి, కాయలు పండకుండా రాలాయి. పనికిరాని కొమ్మలు అంటగట్టారని స్మిర్నా వర్తకుల మీద అనుమానపడ్డారు. మగచెట్టు కాయలు తెచ్చి ఆడచెట్ల మీద వేలాడదీసే ఆచారాన్ని గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ క్రీస్తుకు పూర్వమే రాసిపెట్టాడు. అది పల్లెటూరి మూఢనమ్మకమని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. 1899లో ఆ పురుగు ఫ్రెస్నోలో నిలదొక్కుకున్నాకనే అక్కడ కాయ నిలిచింది.

అక్కరలేనిది చెప్పనని కావ్యవ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. ఈ వ్యాఖ్యాత అటువంటి ప్రతిజ్ఞ ఏదీ చేసి ఉండలేదు. పూనా అంజూర, బ్రౌన్ టర్కీ, డయానా వంటి రకాలకు పురుగుతో పనే లేదు, పుప్పొడి అందకపోయినా కాస్తాయి. కనుక కుండీలో పెంచుకునేవారికి పై మూడు పేరాలూ అప్రస్తుతము. చీటీ దగ్గరికి వద్దాం.

“ఆరు నెలల్లో”: ఏ రకం? కొమ్మ నాటిందా, గింజ మొలిచిందా? చీటీ మీద ధర ఉంది, రకం పేరు లేదు. బంగినపల్లో పీచుమామిడో చెప్పకుండా “మామిడి” అని మొక్క అమ్మితే ఊరుకుంటామా? ఎండు అంజూర నానబెట్టి, గింజలు మొలిపించి, ఇరుగుపొరుగుకు పంచే ఉదారులు కొందరున్నారు. అలా మొలిచినవాటిలో దాదాపు సగం మగవి. మిగతా సగంలోనూ పురుగొచ్చి చస్తే తప్ప కాయ నిలవనివి ఉంటాయి. పెన్సిల్ మందాన, జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులున్న ముదురు కొమ్మ నాటుకుంటే తల్లిచెట్టు రకమే వస్తుంది. చెప్పుకోదగ్గ కాపు రెండో ఏడో, మూడో ఏడో. ఆరు నెలలనేది అతిశయోక్త్యలంకారము.

“ఇంకేమీ అక్కర లేదు”: దీనికి టీక రాయడానికి శాంతం చాలదు. వానాకాలం నడిమధ్యలో అంజూర ఆకు తిప్పి చూడండి. అడుగున తుప్పు రంగు చుక్కలు. బొటనవేలితో రాస్తే పసుపూ ఇటుకపొడీ కలిపినట్టు మరక అంటుతుంది. తుప్పు తెగులు అది. పట్టించుకోకపోతే చూస్తుండగానే ఆకులన్నీ రాలి మోడు మిగులుతుంది. రాలిన ఆకులు ఏరి పారేయాలి. ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి: పది లీటర్ల నీటికి 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, ఇనుప పాత్రలో మాత్రం కలపకూడదు. కొత్త చిగుళ్ల మీదే కాయ గనుక ఏటా కొమ్మలు కత్తిరించాలి. కత్తిరిస్తే కారే పాలు ఒంటికి తగిలి, దాని మీద ఎండ పడితే బొబ్బలెక్కవచ్చు, చేతికి తొడుగు వేసుకోవాలి. కాయ మెడ వాలి, కన్ను దగ్గర తేనెబొట్టు కనబడేదాకా ఆగాలి, ముందే కోస్తే తియ్యబడదు. అలా ఆగేలోపు ఉడతలకూ పిట్టలకూ దక్కకుండా వల కట్టాలి.

ఇవేవీ అక్కర్లేదన్నారు కదా అని నాలుగో అంతస్తు పెద్దావిడ రోజూ రెండు పూటలా నీళ్లు పోసి, మొక్క చచ్చాక వెళ్లి అడిగితే, “మీ ప్రేమ సరిపోలేదేమో అమ్మా” అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎండ కావాలని చెప్పనిది వాళ్లు, తెగులు సంగతి దాచింది వాళ్లు, దోషం మాత్రం ఆవిడ మనసుది!

తాత్పర్యము

ఆరు గంటల ఎండ, అడుగున చిల్లులున్న పద్దెనిమిది అంగుళాల కుండీ, ఒక కత్తెర ఉంటే అంజూర పెంచవచ్చు. రకం పేరేమిటి, కొమ్మ మొక్కేనా అని రెండే ప్రశ్నలు అడగండి. తడుముకుంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. ఎండ లేని ఇంటివారు మొక్క జోలికే పోవద్దు. 2016లో భౌగోళిక గుర్తింపు పొందిన పురందర్ అంజూర పుణే జిల్లాలో పండుతూనే ఉంది. పళ్లబండి మీద మెత్తగా, మెడ వాలిన పళ్లు కనబడితే అరకిలో కొనుక్కుని ఆ రోజే తినేయండి, మర్నాటికి పులుస్తాయి.