గాజుపెట్టెలో రత్నాకరుడు

నాలుగడుగుల గాజుపెట్టెలో ఉప్పునీరు పోసి, అందొక మూల ఎనిమోను అను సముద్రజీవిని, వేరొక మూల పగడములను నిలిపి, పైన నీలిదీపము వెలిగించి, వచ్చినవారికెల్ల "ప్రకృతిలోని సామరస్యమనగా ఇదియే" యని ఉపన్యసించు మహానుభావులు ఈ నడుమ మన విజయనగరమునందును శ్రీకాకుళమునందును వెలసియున్నారు. బొంకులదిబ్బ గల సీమ గనుక ఉపన్యాసములకు ఇచ్చట ఎన్నడును కరవు లేదు. అయినను, పెట్టెలోని శ్రోతలలో సగముమంది తక్కిన సగముమందిని కుట్టి చంపుచుండగా సామరస్యమును గూర్చి మాటలాడు సాహసము గిరీశమునకు సైతము ఉండియుండదు.

అట్టివారిలో ఒకరైన మా బావగారి ఇల్లు విజయనగరపు గంటస్తంభమునకు కూతవేటు దూరము. పెరట నూయియు, వాకిట కొళాయియు ఉన్నను ఆ నీరు ఎనిమోనుకు సరిపడదట. కావున ఆర్వో యంత్రమున నీటిని వడగట్టి, ఒక బిందెడు శుద్ధజలమునకు రెండుమూడు బిందెలు తూములోనికి వదలి, ఆ శుద్ధజలములో విదేశమునుండి డబ్బాలో దిగిన ఉప్పును లీటరునకు 35 గ్రాముల లెక్కకు వచ్చువరకు తూచి తూచి కలుపుదురు. త్రాగునీటి కొరకు ఉద్దానపు పల్లెలు మూత్రపిండములు పాడుచేసికొని ఏండ్ల తరబడి ఎదురుచూచినది పొరుగు జిల్లాలోనే. రెండు జిల్లాలకును కలిపి సుమారు 220 కిలోమీటర్ల సముద్రతీరము గలదు. నౌపడ ఉప్పుమళ్ళ పేరెరుగనివారు ఈ ప్రాంతమున లేరు. ఒడ్డునీటిలో మురుగు కలిసినదని బావగారి ఆక్షేపణ. అది నిజమే. ఆ మురుగును గూర్చి వారింతవరకు ఒక అర్జీముక్కయైనను వ్రాసిన పాపమున పోలేదు. ఒకనాడు కోనాడనుండి చేపలగంప నెత్తిన బెట్టుకొని వచ్చిన అవ్వ, అరుగుమీది ఉప్పుడబ్బాను చూచి, "ఓలమ్మ! ఉప్పునీలు డబ్బులెట్టి సేసుకుంతన్నారేటి బాబూ? మా ఇంటెనకాల కావలసినంత ఉన్నాది" అని బుగ్గలు నొక్కుకొనెను.

ఇక ఆ పెట్టెలోని కాపురమును గూర్చి. ఎనిమోను చూపునకు పువ్వు, పుట్టుకకు జంతువు. దాని రేకుల నిండ తాకినంతనే పేలు దంశకణములు. పగడమునకును కణములు అట్టివే గాని, అది తాను కట్టుకొన్న సున్నపుటింటిలో తానే పాతుకొనిపోయినది, ఎనిమోనుకో, పాదమున్నది. వెలుతురు నచ్చకున్నను, నీటి ఉరవడి నచ్చకున్నను, ఒక్కొక్కప్పుడు మనకు తెలియు కారణమేదియు లేకున్నను, అది లేచి నడచిపోవును. పోవుచు పోవుచు దారిలోని వారినెల్ల కాల్చును. పగడములును పరమసాధువులు కావు, చీకటి పడినపిదప పొడుగాటి మీసములు చాచి పొరుగువారిని మాడ్చునవి వానిలోను కలవు. కాని పారిపోవు భాగ్యము మాత్రము వానికి లేదు. ఈ సంగతి నేను విన్నవింపగా బావగారు నవ్వి, అన్నదమ్ముల పంపకములలో గట్టు వేసినట్లు, ఎడమప్రక్క బండ ఎనిమోనుకు, కుడిప్రక్క బండలు పగడములకు అని హద్దులు నిర్ణయించితిమనిరి. ఆ దస్తావేజుమీద ఎనిమోను వ్రేలిముద్ర వేసినట్లు నాకు కానరాలేదు.

అన్నట్లు, రాతిపగడములను మన ప్రభుత్వము 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, అనగా పెద్దపులి కూర్చున్న పంక్తిలోనే, కూర్చుండబెట్టినది. పులిపిల్లను పడకగదిలో కట్టివేసినవాడు అతిథులకు దానిని చూపునప్పుడు కాస్త గొంతు తగ్గించును, బావగారు తగ్గింపలేదు. "ఇవి ఎచ్చటివి? రశీదు కలదా?" యని అడిగితిని. వారు రిమోటు తీసికొని దీపపు రంగు మార్చిరి.

మే నెల వచ్చినది. మా అక్క తడిగుడ్డ మెడకు చుట్టుకొని విసనకర్రతో వసారాలో కూర్చుండగా, గదిలో ఎనిమోనుకు నీరు చల్లబరచు యంత్రము తిరుగుచుండెను. ఆ యంత్రము వెళ్ళగ్రక్కు వేడి యంతయు మా అక్క వంతు. ఒకనాటి రాత్రి ఎనిమోను గట్టు దాటెను. ఎంత దూరము పోయెనో బండలమీది జాడ చెప్పుచుండెను: మూడు పగడములు తెల్లబారి, వాని మాంసము గంజిపై మీగడవలె ఊడి వ్రేలాడుచుండెను. అటుపై ఆ బాటసారి, పెట్టెలో అలలు పుట్టించు మోటారు నోటబడి కొబ్బరికోరయ్యెను. తెల్లవారునప్పటికి నీరు కుడితి, ఇల్లు చేపలరేవు. కిటికీలు తెరచుచు బావగారు, "స్థలము చాలలేదు, ఆరడుగుల పెట్టె కావలె" ననిరి.

ఎనిమోనును పెంచుట అసాధ్యమని నేననను. స్కాట్లండులో సర్ జాన్ డాలియెల్ అను పెద్దమనిషి 1828లో ఒడ్డున పట్టిన ఎనిమోను నొకదానిని గాజుజాడీలో నుంచి, సముద్రపునీరు మార్చుచు సాకెను. 1851లో ఆయన పోయెను. అది మాత్రము చేతులు మారుచు 1887 వరకు బ్రతికి, లోకముచేత అమ్మమ్మ యనిపించుకొనెను. ఆ జాడీలో దానికి నీలిదీపము లేదు, మోటారు లేదు, సామరస్యము పాటింపవలసిన పగడపు పొరుగును లేదు. అయితే ఆ శతాబ్దిలోనే ఫిలిప్ గోస్ సముద్రజీవులను గూర్చి వ్రాసిన పుస్తకములు చదివి ఇంగ్లండు జనులు ఒడ్డునబడి రాతిగుంటలను కొల్లగొట్టిరని, ఆయన కుమారుడే తరువాత వాపోయెను. ప్రేమకు ఆకలి మెండు.

మొన్న ఆదివారము బావగారిని వెంటబెట్టుకొని భీమిలి పోతిని. సముద్రము పాటున నుండెను. రాళ్ళ నడుమ చేరెడు నీటిగుంటలో బొత్తామంత ఎనిమోను మట్టిరంగున విచ్చుకొనియుండెను. నా వ్రేలు సోకగానే అది ముడుచుకొని రాతిపై మొటిమవలె మిగిలెను. ఒక అల వచ్చి గుంటను నింపి పోయిన కొంతసేపటికి మరల మెల్లగా తెరచుకొనెను. బావగారు పంట్లాము తడియుచున్నను లెక్కచేయక, గొంతుకూర్చుండి చాలసేపు దానినే చూచిరి. వారి కన్నులలో నీరు తిరిగినదేమో యని నేను భ్రమపడుచుండగా తలయెత్తి, "ఏవోయ్, ఈ గుంట ఎన్ని లీటర్లుంటుందంటావు?" అనిరి.