పోయిన తూరి మామ

తిరుపతిలో కొండమీది తీర్థాలకు బయలుదేరే ప్రతి గుంపులోనూ ఒక పోయిన తూరి మామ ఉంటాడు. ఎవరికి మామ అని ఆరా తీయకూడదు, గుంపు మొత్తానికీ మామే. నెత్తికి తుండుగుడ్డ, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, చేతిలో ఒక కట్టె. మనం కొత్త ట్రెక్కింగ్ బూట్లతో తయారైతే ఎగాదిగా చూస్తాడు. "పోయిన తూరి నేను వొట్టికాళ్ళతో వొచ్చినా" అంటాడు. అంతే, ఆ బూట్లు అప్పటినుంచే కరవడం మొదలుపెడతాయి.

మామకు ఏడాదికి మూడు పండగలు. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. తక్కిన రోజుల్లో ఆ అడవిదారుల్లోకి ఇష్టమొచ్చినట్టు పోనివ్వరు. ఆ దారులున్న శేషాచలం కొండల్లో 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. 2010లో ఆ కొండలు రాష్ట్రంలోనే మొట్టమొదటి జీవావరణ రిజర్వు అయ్యాయి. దారి మూసి ఉండటం మామకు మహా సౌకర్యం. ఆయన చెప్పింది నిజమో కాదో మర్నాడు పోయి చూసొచ్చే వీల్లేదు.

మొన్న ఫాల్గుణ పౌర్ణమికి మా వీధి గుంపు పాపవినాశనం దగ్గర బస్సు దిగింది. శ్రీవారి సేవకులు వేడివేడి పొంగలి పెట్టారు. అందరం ఆవురావురుమని తింటున్నాం. మామ వేలితో కెలికి చూశాడు. "పోయిన తూరి దీంట్లో జీడిపప్పు కనబడింది" అన్నాడు. కనబడని జీడిపప్పు కోసం నలుగురు వెతకడం మొదలుపెట్టారు.

అడవిలోకి దిగాక ఒకచోట ఎర్రచందనం చెట్టు ఎదురైంది. మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు దాన్ని ముట్టుకుని మురిసిపోతున్నాడు. మామ రెండు చేతులూ చాచాడు. "పోయిన తూరి ఈడ ఇంత లావు మాను ఉన్నింది."

"ఏమైంది మామా?"

"నన్నడిగితే? టాస్క్‌ఫోర్సోళ్ళనడుగు."

ఆయన అన్నవాటిలో ఆ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ఎగతాళి చేయలేదు.

తాళ్ళు పట్టుకుని బండలు దిగి తుంబురు కోనలోకి వచ్చాం. రెండు పక్కలా నిటారుగా కొండ, నడుమ సందంత ఆకాశం. మోకాటి లోతు నీళ్ళు, ఒళ్ళు ఝల్లుమనేంత చల్లన. పాచిబండమీద కాలివేళ్ళతో తడుముకుంటూ నిలబడితే చిన్న చేపపిల్లలు వచ్చి మడమలు పొడుస్తున్నాయి. పిల్లలు కిలకిలలాడుతున్నారు.

"ఇవీ ఒక చేపలేనా!" అన్నాడు మామ. "పోయిన తూరి గెట్టిగా కొరికినాయి."

భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ ఈ కోనలోనే గుహలో తపస్సు చేసిందని చెబుతారు. ఆమె కాలం చేసింది 1817లో కాబట్టి సరిపోయింది, లేకుంటే పోయిన తూరి పలకరించిన సంగతి కూడా వినాల్సి వచ్చేది. ఆ లోటు తీర్చుకోవడానికి స్థలపురాణం అందుకున్నాడు. మాఘస్నానానికి బద్ధకించిన పెండ్లాన్ని తుంబురుడు కప్పవై పొమ్మని శపించాడట. చెబుతూ అత్తవైపు ఓరగా చూశాడు.

అత్త చీరకుచ్చిళ్ళు పిండుకుంటూ అడిగింది. "ఏమయ్యా, బద్ధకానికే కప్పయితే, నోటికొచ్చినట్టల్లా కోసేవోళ్ళు ఏమయితారంట?"

మామ బదులు చెప్పలేదు. ముక్కు మూసుకుని మునిగాడు. మోకాటి నీళ్ళలో మునగడానికి పాపం బోర్లా పడుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. దారి మూసేశారు. మజ్జిగ ఇచ్చేచోట ఒక కుటుంబం దిగాలుగా నిలబడి ఉంది. చిత్తూరు నుంచి వచ్చారట, ఆలస్యమైందని లోపలికి వదల్లేదు. మామ కళ్ళు మెరిశాయి.

"అయ్యో, పొద్దన్నే వొచ్చుండాల నాయినా! పొంగలి అంటే పొంగలా, అంతా జీడిపప్పే! ఎర్రచందనం మాన్లు సూడాల! ఇంక నీళ్ళంటావా..." అంటూ అరచెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించాడు.

మేం మొహమొహాలు చూసుకున్నాం. పొద్దంతా ఆయన తిట్టిపోసిన యాత్ర మా కళ్ళముందే పోయిన తూరి అయిపోయింది. ఆ యాత్రలో మేమూ ఉన్నాం గనక కాదనడానికి మనసొప్పలేదు. బెంగళూరు కుర్రాడైతే "అవునండీ, చేపలు కూడా" అని వంత పాడాడు.

తిరుమల బస్టాండుకు వచ్చేసరికి నీళ్ళు మామ ఛాతీకెక్కాయి. తిరుపతి బస్సులో పక్కసీటాయనకు చెబుతుంటే ఘాట్‌రోడ్డు తొలి మలుపులోనే గొంతు తాకాయి. ఈత రాని అత్త గమ్మున లేచి వెనక సీటుకు పోయి కూర్చుంది.